రేగడి దారిలో ముందుచక్రాల కారు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు మిర్చియార్డు గేటు దగ్గర కాసేపు నిలబడితే, తుమ్ములు ఆపుకోగలిగినవాళ్లకి భౌతికశాస్త్ర పాఠం ఒకటి ఉచితంగా దొరుకుతుంది. లోపలికి టిక్కీలు మోసుకొచ్చే బళ్లను చూడండి. లారీ, ట్రాక్టరు, బొలేరో పికప్, టాటా ఏస్, ఆఖరికి ట్రాలీ ఆటో. వీటన్నిటిలోనూ ఇంజను బలం వెనక చక్రాలకే అందుతుంది. ఇప్పుడు రోడ్డు పక్కన నీడ దొరికిన చోటల్లా ఆపిన కార్లను చూడండి. రైతులవి కొన్ని, కమీషన్ వ్యాపారులవి కొన్ని, ఎగుమతిదారులవి కొన్ని. స్విఫ్ట్, డిజైర్, ఐ20, క్రెటా, సెల్టోస్, నెక్సాన్. ఒకటీ అరా ఇన్నోవానో ఫార్చ్యూనరో పక్కన పెడితే దాదాపు అన్నీ ముందు చక్రాలతో నడిచేవే. సరుకును వెనక చక్రాలు నెడుతున్నాయి, సరుకు తాలూకు మనిషిని ముందు చక్రాలు లాగుతున్నాయి.

ఈ తేడాకి మూలం బరువు. టైరు నేలను ఎంత గట్టిగా పట్టుకోగలదన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: నేలకీ రబ్బరుకీ మధ్య ఘర్షణ, ఆ చక్రం మీద పడుతున్న బరువు. నేల మన చేతిలో లేదు కాబట్టి మిగిలింది బరువే. టాటా ఏస్ తొట్టిలో పదిహేను టిక్కీలు వేస్తే ఆరు క్వింటాళ్లకు పైమాటే, అందులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది. అక్కడే బరువుంటే అక్కడే బలం ఇవ్వాలి. కారు కథ వేరు. అందులో అన్నిటికన్నా బరువైన వస్తువు ఇంజను, దాన్ని అంటిపెట్టుకున్న గేర్‌బాక్సు. రెండూ బానెట్ కిందే ఉంటాయి. ఖాళీ కారు బరువులో సుమారు 60 శాతం ముందు చక్రాల మీద ఉంటుంది. ఒంగోలు గిత్త బండిని ముందుండి లాగినట్టే, ఈ కారునీ ముందునుంచి లాగించడం తెలివైన పని.

కానీ గిత్త బరువు బండిలో ఎంత సరుకు వేసినా మారదు. కారులో మారుతుంది. ఆ సంగతి రేగడి మీద అడుగుపెట్టాక తెలుస్తుంది.

దానికన్నా ముందు ప్లాట్‌ఫామ్ అనే మాట చూడాలి. షోరూమ్‌లో మనకి చూపించేది స్క్రీను, సీటు కవర్లు, సన్‌రూఫ్. (రెంటచింతల ఎండ కాసే జిల్లాలో ఇంటి కప్పుకి కిటికీ పెట్టించుకునేవాళ్లు లేరు, కారు కప్పుకి మాత్రం అదనంగా డబ్బిచ్చి మరీ పెట్టించుకుంటున్నారు.) కంటికి కనపడనిది ప్లాట్‌ఫామ్. ఇంజను ఎలా కూర్చోవాలి, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం ఎంత, షాకబ్జర్లు ఎక్కడ బిగించాలి, స్టీరింగ్ రాడ్లు ఏ కోణంలో కదలాలి, గుద్దుకున్నప్పుడు ఏ కమ్మీ ముందు నలగాలి... ఇవన్నీ ఒకసారి నిర్ణయించి, వేల కోట్లు పెట్టి అచ్చులు చేయించుకున్నాక కంపెనీ దాని మీద నాలుగైదు రకాల కార్లు కడుతుంది. క్రెటా, మొదటి తరం సెల్టోస్‌ల కింద ఉన్నది ఒకే నిర్మాణం. బాలెనో, గ్లాంజా ఒకటే. టైగన్, కుషాక్, వర్టస్, స్లావియా ఒకే తల్లి బిడ్డలు. క్విడ్, ట్రైబర్, మాగ్నైట్, కైగర్ కూడా అంతే. అందుకే నా మాట అడిగితే, కార్లను పోల్చే ముందు ప్లాట్‌ఫామ్‌లను పోల్చాలంటాను. మనం చూసేది పై రేకుని, నేలకి తెలిసేది కింద ఉన్నదే.

ముందు చక్రాలను తిప్పడం కొత్త ఆలోచనేమీ కాదు. 1770 ప్రాంతంలో ఫ్రాన్సులో క్యున్యో చేసిన ఆవిరి బండి కూడా ముందు చక్రంతోనే నడిచింది. ఆలోచన సులువే, చిక్కంతా కీలు దగ్గర. ముందు చక్రం పక్కకి తిరగాలి, గోతిలో పడి పైకీ కిందకీ ఊగాలి, అలా ఊగుతూనే ఇంజను బలాన్ని తడబడకుండా అందుకోవాలి. లారీల ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో ఉండే మామూలు క్రాస్ జాయింటు ఇందుకు పనికిరాదు. దాన్ని 30 డిగ్రీలు వంచి తిప్పితే, ఒక చివర సమానంగా తిరుగుతున్నా రెండో చివర ప్రతి చుట్టులోనూ రెండుసార్లు 15 శాతం దాకా వేగం పుంజుకుని, రెండుసార్లు దాదాపు అంతే మందగిస్తుంది. మలుపులో స్టీరింగ్ చేతిలో కొట్టుకుపోతుంది. 1920ల్లో ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా అనే ఇంజనీరు ఆరు ఉక్కు గోళీలను ఒక చట్రంలో బిగించి, షాఫ్ట్ ఎంత వంగినా ఆ గోళీలు సరిగ్గా సగం కోణంలో నిలిచేలా కీలు తయారుచేశాడు. అటూ ఇటూ వేగం సమానమైంది. ఇప్పుడు మెకానిక్కులు సీవీ జాయింట్ అనేది దాని వంశాన్నే.

1934లో సిట్రోయెన్ ముందుచక్రాల కారును పెద్దఎత్తున అమ్మి చూపించింది. 1959 ఆగస్టులో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ మినీని తెచ్చింది. ఆలెక్ ఇసిగోనిస్ అందులో ఇంజనును అడ్డంగా తిప్పి పెట్టి, మూడు మీటర్ల చిల్లర పొడవులో నలుగురు కూర్చునే చోటు సంపాదించాడు. ఇందులో మనకొక చమత్కారం ఉంది. అదే కంపెనీ గొడుగు కింద ఉన్న మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ను హిందుస్థాన్ మోటార్స్ తెచ్చుకుని అంబాసిడర్‌గా మార్చింది మినీకి ఒకటి రెండేళ్ల ముందే. వాళ్లు కొత్త దారి తొక్కుతున్న రోజుల్లో పాత దారి మనకొచ్చింది, వచ్చి 2014 దాకా ఉంది. మినీలో గేర్‌బాక్సు ఇంజను కింద ఆయిల్‌లోనే మునిగి ఉండేది. ఫియట్‌లో దాంతే జకోసా దాన్ని ఇంజను పక్కకి మార్చాడు. 1964లో ప్రిములా అనే కారులో పరీక్షించి 1969లో ఫియట్ 128లో స్థిరపరిచిన ఆ అమరికే ఇవాళ మన వీధిలో ఉన్న దాదాపు ప్రతి చిన్న కారులోనూ ఉంది.

మనకది 1983 డిసెంబరు 14న మారుతి 800 రూపంలో వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, 12 అంగుళాల చక్రాలు. కొలిమిలో పనిచేసి చేయి తిరిగిన మెకానిక్కులకి అది బొమ్మలా కనిపించింది. నేల మీద కారు పొడవునా పరిగెత్తే షాఫ్ట్ లేదు, క్రౌన్ హౌసింగ్ లేదు. ఇరుసు దగ్గర 90 డిగ్రీలు మలుపు తిప్పే పళ్లచక్రాలు లేకపోవడంతో అక్కడ అరిగిపోయే బలం కొన్ని శాతం మిగిలింది, మైలేజీగా కనిపించింది. వెనక సీటు మధ్యలో కూర్చున్నవాడికి కాళ్ల మధ్య మిట్ట తగ్గింది. తిరుపతి ప్రయాణంలో ఆ మధ్య సీటు ఎవరిదన్న తగాదా మాత్రం అలాగే ఉంది.

తరవాత దేశంలో ముందుచక్రాల కారు పాతుకుపోవడానికి పన్ను కూడా సాయపడింది. 2006 నుంచి 4 మీటర్ల లోపు పొడవున్న, ఇంజను పరిమితి దాటని కార్లకి పన్ను తక్కువ. నాలుగు మీటర్లలో ఐదుగురినీ డిక్కీనీ ఇమడ్చాలంటే ఇంజనును అడ్డంగా పెట్టడమే సులువైన మార్గం. 2012లో డిజైర్ తోక కత్తిరించుకున్నది ఈ లెక్క కోసమే. బొలేరో లాంటి నిచ్చెన ఛాసిస్ బళ్లు కొన్ని ఈ కొలతలో ఇరుక్కుని బతికాయి గానీ అవి మినహాయింపులే.

ఇక నేల సంగతి. ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు, చిలకలూరిపేట... ఈ పత్తి, మిరప పొలాల కింద ఉన్నది నల్లరేగడి. అందులో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను ఖనిజం ఎక్కువ. దాని రేణువులు అతి పలుచని పొరలుగా ఉంటాయి, పొరల మీద రుణావేశం ఉంటుంది, ఆ ఆవేశానికి అంటుకున్న కాల్షియం, సోడియం అయాన్లు నీటిని లోపలికి పిలుస్తాయి. పొరల మధ్యకి నీరు దూరగానే మట్టి ఉబ్బుతుంది, ఆరగానే ముడుచుకుంటుంది. ఈ ఖనిజం ఒక్క గ్రాములో పొరల ఉపరితలమంతా విప్పి పరిస్తే 700 నుంచి 800 చదరపు మీటర్లు. ఐదారు గ్రాములుంటే ఎకరం నేల. అంత ఉపరితలం నీటిని పట్టుకుంటుంది కాబట్టే వాన వెళ్లిపోయాక కూడా పత్తి బతుకుతుంది. అంత ఉపరితలం టైరుని పట్టుకుంటుంది కాబట్టే కారు దిగబడుతుంది.

దిగబడే తీరు కూడా గమనించదగినది. ఒక పదును వాన పడ్డాక డొంకలో పైన రెండు మూడు అంగుళాలు జిగురవుతుంది, కింద గట్టిగానే ఉంటుంది. తారు రోడ్ల కోసం చేసిన టైరుకి గాళ్లు సన్నగా ఉంటాయి. నాలుగు చుట్లు తిరిగేసరికి మట్టి ఆ గాళ్లలో కూరుకుని టైరు నున్నటి నల్లటి ఉండ అవుతుంది. అప్పుడిక మట్టి మీద రబ్బరు జారడం లేదు, మట్టి మీద మట్టే జారుతోంది. ఎంత ఖరీదైన టైరయినా ఒకటే. ఇలాంటి పలుచటి బురదలో సన్నటి టైరు పైపొరను కోసుకుని కిందున్న గట్టి నేలను అందుకుంటుంది, వెడల్పు టైరు పైనే తేలుతుంది. అందుకే ఒకే కారులో ఖరీదైన వేరియంట్‌కిచ్చే 16, 17 అంగుళాల వెడల్పు అలాయ్ చక్రాల కన్నా, కింది వేరియంట్‌కిచ్చే ఇనుప చక్రం, ఎత్తయిన పక్కలున్న టైరు మన డొంకలకి నయం. గతుక్కి రిమ్ము వంగినా సుత్తితో సరిచేసుకోవచ్చు.

ఇప్పుడు బరువు లెక్క వేద్దాం. 900 కిలోల హ్యాచ్‌బ్యాక్ అనుకోండి, ముందు చక్రాల మీద 540. తడి రేగడిలో ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం, బురద వెనక్కి లాగే బలం మొత్తం బరువులో 15 శాతం అనుకుందాం. డెబ్బై కిలోల డ్రైవరు ఒక్కడే వెళ్తే ముందు బరువు 575 కిలోలు, దొరికే పట్టు 172, బురద అడిగేది 145. కారు వెళ్లిపోతుంది. అదే కారులో ఐదుగురు కూర్చుని డిక్కీలో 50 కిలోల సామాను వేస్తే మొత్తం 1300 అవుతుంది. వెనక సీటు మనుషుల బరువు ఎక్కువగా వెనక ఇరుసుకే పోతుంది, డిక్కీ సామాను ఇరుసుకి అవతల ఉండి ముందు భాగాన్ని కాస్త పైకి కూడా లేపుతుంది. ముందు చక్రాల వాటా 60 నుంచి 50 శాతానికి దిగుతుంది, అంటే 650. పట్టు 195, బురద అడిగేది కూడా 195. కారు అక్కడే నిలబడి టైర్లు తిప్పుకుంటుంది.

ఇదే బరువున్న వెనకచక్రాల కారు తీసుకుంటే లెక్క తలకిందులవుతుంది. ఖాళీగా వెనక 45 శాతమే ఉంటుంది కాబట్టి డ్రైవరు ఒక్కడే వెళ్తే పట్టు 132, అవసరం 145. దిగబడింది. ఐదుగురూ ఎక్కితే వెనక దాదాపు 700 కిలోలు, పట్టు 209. బయటపడింది! అసలు బురద ఇంత శుభ్రంగా లెక్కకి లొంగదు, బరువు పెరిగితే టైరు ఇంకొంచెం లోతుకి దిగుతుంది కూడా. అయినా దిశ ఇదే. అంబాసిడర్ రోజుల్లో బండి దిగబడితే డిక్కీ మీదకి మనుషులను ఎక్కించేవాళ్లు. ఇప్పుడు అదే పని స్విఫ్ట్‌కి చేస్తే నష్టం. ముందుచక్రాల కారు ఇరుక్కుంటే చేయవలసింది వెనక సీటు వాళ్లను దింపడం. తడిసిన కాలువ కట్ట ఎక్కలేకపోతే, చోటుంటే, కారు తిప్పి రివర్సులో ఎక్కించి చూడండి. ఏటవాలులో బరువు కిందివైపుకి జారుతుంది, రివర్సులో ఆ కిందివైపున ఉండేవి బలమున్న చక్రాలే.

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఈ భయం అక్కర్లేదు. పొడి తారు మీద ఘర్షణ గుణకం 0.7 దాటుతుంది, పది శాతం వాలుకి ముందు చక్రాల మీద తగ్గే వాటా రెండు శాతమే.

గ్రౌండ్ క్లియరెన్స్ అంకెలు షోరూమ్‌లో గట్టిగా చెబుతారు. స్విఫ్ట్ 163 మిల్లీమీటర్లు, క్రెటా 190, నెక్సాన్ 208. ఈ అంకె ఒక్కటే సరిపోదు. కాలువ కట్ట ఎక్కి దిగేటప్పుడు నడుం కింద తగలకుండా ఉండాలంటే ఎత్తుతో పాటు ఇరుసుల మధ్య దూరం కూడా చూడాలి. స్విఫ్ట్‌కి ఆ దూరం 2450 మిల్లీమీటర్లు, క్రెటాకి 2610, నెక్సాన్‌కి 2498. లెక్క కడితే దాటగలిగే మిట్ట కోణం స్విఫ్ట్‌కి సుమారు 15 డిగ్రీలు, క్రెటాకి పదహారున్నర, నెక్సాన్‌కి 19. క్రెటా స్విఫ్ట్ కన్నా అంగుళానికి పైగా ఎత్తున్నా, ఆ పొడవు వల్ల ఎత్తు తెచ్చిన లాభంలో సగానికి కాస్త తక్కువ పోయింది. ఎస్‌యూవీ అన్న పేరు పక్కన పెడితే క్రెటా, సెల్టోస్, వెన్యూ, సోనెట్, నెక్సాన్, బ్రెజా... వీటి కింద ఉన్నవి కారు ఎముకలే, కాస్త ఎత్తు లేపినవి.

ఇంకో మెలిక ఉంది. బొలేరో లాంటి బండిలో అన్నిటికన్నా కిందికి వేలాడేది వెనక ఇరుసు మధ్యలో ఉన్న క్రౌన్ హౌసింగ్. అది చక్రాలతో పాటే ఉంటుంది కాబట్టి మీరు ఎంత బరువు వేసినా నేలకీ దానికీ మధ్య ఎత్తు మారదు. ముందుచక్రాల కారులో కింద తగిలేవన్నీ బాడీకి వేలాడుతుంటాయి: ఆయిల్ ఛాంబర్, సైలెన్సర్ గొట్టం, బంపరు అంచు. ఐదుగురు ఎక్కితే స్ప్రింగులు నొక్కుకుని ఆ ఎత్తు తగ్గిపోతుంది. బ్రోషర్‌లో రాసిన ఎత్తు ఖాళీ కారుదా, నిండు కారుదా అని అడిగి తెలుసుకోవాలి. ట్రాక్టర్లు తొక్కిన డొంకలో రెండు గాళ్ల మధ్య ఎండిపోయిన మిట్ట ఉంటుంది. జనవరి తరవాత రేగడి ఎండితే ఆ మిట్ట రాయితో సమానం, ఆయిల్ ఛాంబర్ ఓడిపోతుంది. ఆ చక్రాల గాళ్ల పక్కనే పత్తి కోత అయ్యాక నరికిన మోళ్లుంటాయి. ఏటవాలుగా నరికిన పత్తిమోడు, సర్కారు తుమ్మ ముల్లు టైరు పక్కలను మాత్రమే కాదు, సీవీ జాయింటుకి తొడిగిన రబ్బరు బూటును కూడా చీలుస్తాయి.

ఆ బూటు మీద రెండు మాటలు ఎక్కువే చెప్పాలి. అది చిరిగితే లోపలున్న గ్రీజు బయటికి చిమ్ముతుంది, బయటున్న దుమ్ము లోపలికి పోతుంది, గోళీలు అరుగుతాయి. కొన్నాళ్లకి స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తిరిగితే చక్రం దగ్గర టకటక శబ్దం వస్తుంది. శబ్దం వచ్చాక బూటు మార్చి లాభం లేదు, జాయింటే మార్చాలి. బూటు ఖర్చు వందల్లో ఉంటే జాయింటు ఖర్చు వేలల్లో ఉంటుంది. పొలాలకి తిరిగే కారుని ప్రతి సర్వీసులోనూ లిఫ్ట్ ఎక్కించినప్పుడు మీరే కిందికి వెళ్లి నాలుగు బూట్లూ చూడండి. చక్రం లోపలివైపు రిమ్ము మీద నల్లటి గ్రీజు చారలు కనపడితే అది చిరిగినట్టే. పాత కారు కొనేవాళ్లు ఖాళీ స్థలంలో స్టీరింగ్ ఆఖరిదాకా తిప్పి గుండ్రంగా నడిపి వినాలి. బేరానికి అంతకన్నా మంచి ఆయుధం లేదు.

ఇక ఎండ. అంబాసిడర్‌లో ఇంజను నిలువుగా ఉండేది, దాని మూతికి బిగించిన ఫ్యాను బెల్టుతో తిరుగుతూ నేరుగా రేడియేటర్ మీదకి గాలి లాగేది. ఇంజను తిరిగితే ఫ్యాను తిరిగినట్టే. అడ్డంగా పెట్టిన ఇంజనుకి ఆ వీలు లేదు, దాని మూతి పక్కకి చూస్తుంది, రేడియేటర్ ముందుంటుంది. కాబట్టి ఫ్యాను కరెంటు మోటారుతో తిరగాలి, వేడి చూసే సెన్సరు చెప్పినప్పుడే తిరగాలి. ఒక ఫ్యూజు పోయినా ఫ్యాను ఆగుతుంది. మే నెల మధ్యాహ్నం నరసరావుపేట ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడ్డప్పుడు ఫ్యాను ఆగితే ఇంజను హెడ్డు వంగడానికి ఎక్కువసేపు పట్టదు. దానికితోడు జిన్నింగ్ మిల్లుల దగ్గర ఎగిరే పత్తి నూగు ఏసీ కండెన్సర్ రెక్కలకి అంటుకుని, దాని మీద దుమ్ము పేరుకుని గాలి రాకుండా మూసేస్తుంది. ఎండాకాలం ముందు దాన్ని తక్కువ ఒత్తిడి నీటితో కడిగించుకోవడం ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా అవసరమైన సర్వీసు. ఏ కంపెనీ పుస్తకంలోనూ పత్తి ఊసుండదు.

తారు రోడ్డు కూడా రేగడి మీద వేసిందే కదా. మట్టిని నానబెట్టి, దాని మోసే బలాన్ని కంకరతో పోల్చి చూసే సీబీఆర్ పరీక్షలో ఈ మట్టి బలం 2 శాతం దగ్గర ఆడుతుంటుంది. రోడ్డు మధ్యలో కింద తేమ నిలుస్తుంది, అంచుల్లో త్వరగా ఆరుతుంది. అంచులు కుంగి పొడవాటి పగుళ్లు వస్తాయి, వానకి మళ్లీ ఉబ్బుతాయి. మన లోపలి రోడ్లకి గుంటలు లేకపోయినా అలలు ఉంటాయి. ఈ అలల మీదే ప్లాట్‌ఫామ్‌ల గుణాలు బయటపడతాయి.

సుజుకి హార్టెక్ట్ వంశం తేలిక. 2018 స్విఫ్ట్ ముందు తరం కన్నా దాదాపు 80 కిలోలు తగ్గింది. మైలేజీకి మంచిది, బురదలో కూడా మంచిదే. కానీ చక్రాల బరువుతో పోలిస్తే పైనున్న బాడీ బరువు ఎంత తక్కువైతే గతుకు అంత ఎక్కువగా సీటుకి చేరుతుంది. టాటా కార్లు దీనికి ఎదురు దిక్కు. బరువెక్కువ, 16వ నంబరు జాతీయ రహదారి మీద వంద వేగంలో నేలకి అతుక్కున్నట్టు పోతాయి, ఊళ్లో క్లచ్ కాలు నొప్పెడుతుంది. 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న మొదటి భారతీయ కారు నెక్సాన్. ఆ ఏడాదే పరీక్షించిన స్విఫ్ట్‌కి రెండే వచ్చాయి. అయితే అదే హార్టెక్ట్ వంశంలో పుట్టిన డిజైర్ 2024లో, అంతకన్నా కఠినమైన నిబంధనల కింద, ఐదు తెచ్చుకుంది. ఎక్కడ ఏ ఉక్కు వాడారు, ఎన్ని ఎయిర్‌బ్యాగులు పెట్టారు అన్నది కంపెనీ ఖర్చుపెట్టే మనసుని బట్టి ఉంటుంది. ప్లాట్‌ఫామ్ పేరు చూసి తీర్పు చెప్పేయడం కూడా తొందరపాటే.

ఫోక్స్‌వాగన్, స్కోడాల ఎంక్యూబీ ఏ0 ఇన్ ప్లాట్‌ఫామ్ నా దృష్టిలో హైవే మనుషులది. ఒంగోలు, నెల్లూరు దాటి చెన్నై దాకా తరచూ వెళ్లే మిర్చి వ్యాపారికి అంత నిబ్బరంగా నడిచేది ఆ ధరలో లేదు. మార్కాపురం, కంభం వైపు లోతట్టు ఊళ్లో ఉండేవాళ్లు మాత్రం దగ్గర్లో సర్వీసు ఎక్కడుందో ముందు చూసుకోవాలి. హ్యుందాయ్, కియా కార్లు అన్నిటిలోనూ మధ్యస్థం, దేనిలోనూ ఏడిపించవు, దేనిలోనూ మురిపించవు. పైగా సెల్టోస్ మన రాష్ట్రంలోనే పుట్టింది. 2019 ఆగస్టులో పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీలోంచి మొదటి బండి బయటికొచ్చింది. అదే రాష్ట్రంలో శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు డీ-మ్యాక్స్ తయారవుతోంది. అది నిచ్చెన ఛాసిస్, వెనక చక్రాలను తిప్పేది. క్విడ్ ప్లాట్‌ఫామ్ చవక, బరువు తక్కువ, 184 మిల్లీమీటర్ల ఎత్తు. ఒంటరిగా పొలం వెళ్లొచ్చే మనిషికి బురద లెక్కలో అది క్రెటాని ఓడిస్తుంది. కానీ మొదటి క్విడ్ 2016 పరీక్షలో సున్నా తెచ్చుకుందని మరిచిపోకుండా హైవే ఎక్కాలి.

పోలిక అన్నిటికన్నా తేటగా కనిపించేది ఇన్నోవాలో. క్రిస్టా నిచ్చెన ఛాసిస్, డీజిలు, వెనక చక్రాలు. 2022 నవంబరులో వచ్చిన హైక్రాస్ ఒకే ముక్క బాడీ, పెట్రోలు లేదా హైబ్రిడ్, ముందు చక్రాలు. ఒకే ఇంటిపేరు, ఒకే షోరూమ్. హైక్రాస్ లోపల చోటు ఎక్కువ, నేల చదును, హైబ్రిడ్ అయితే ఊళ్లో మైలేజీ క్రిస్టా ఊహకి కూడా అందదు. ఏడుగురూ ఎక్కి, సామాను వేసుకుని, పెళ్లికి డొంక దాటి వెళ్లాల్సి వస్తే పైన వేసిన లెక్కే మళ్లీ వర్తిస్తుంది. అద్దె బండి తిప్పేవాళ్లు క్రిస్టాను వదలకపోవడంలో డీజిలు అలవాటుతో పాటు ఇది కూడా ఉందని నా అనుమానం. ఏడాదిలో పది రోజులు డొంక, మిగతా అంతా తారు అయిన కుటుంబానికి నేను హైక్రాసే చెబుతాను.

చప్టాల దగ్గర మాత్రం రెంటికీ దండమే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వాగులన్నీ పొంగాయి. కారు కింది భాగం మూడున్నర మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు అనుకుంటే, నీరు కారు నేలను దాటి పైకొచ్చే ప్రతి 10 సెంటీమీటర్లకీ సుమారు 500 కిలోల తేలుబలం వస్తుంది. ముందు బరువెక్కువ కాబట్టి ముందుగా లేచేది వెనక భాగం. అది ప్రవాహంలో పక్కకి తిరుగుతుంది, ముందు చక్రాలకి పట్టున్నా తోక మాట వినదు.

ఇంజనే లేని కార్లొచ్చాక ఈ కథ మళ్లీ మొదటికొస్తోంది. కరెంటు మోటారు చిన్నది, ఎక్కడైనా ఇముడుతుంది. బ్యాటరీ నేలంతా పరుచుకుంటుంది కాబట్టి బరువు ముందూ వెనకా దాదాపు సమానం. ముందు చక్రాలకే బలం ఇవ్వాలన్న పాత కారణం అక్కడితో పోయింది. నెక్సాన్ ఈవీ లాంటివి పెట్రోలు కారు ఎముకల మీద కట్టినవి కాబట్టి ఇంకా ముందు చక్రాలనే తిప్పుతున్నాయి. 2024 చివర్లో మహీంద్రా చూపించిన బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ పుట్టుకతోనే ఎలక్ట్రిక్, వాటి మోటారు వెనక ఉంది. నిండు కుటుంబంతో తడి డొంక దాటే లెక్కలో అవి అంబాసిడర్ వైపు చేరతాయి. అయితే వాటి పొట్టంతా బ్యాటరీ పెట్టె. ఎండిన గాళ్ల మధ్య మిట్ట తగిలి ఆయిల్ ఛాంబర్ పగిలితే గుంటూరు ఆటోనగర్‌లో పొద్దున ఇచ్చిన బండి సాయంత్రానికి తెచ్చుకోవచ్చు. బ్యాటరీ పెట్టె నొక్కుకుపోతే బండిని ఏ ఊరు పంపాలో, ఖర్చు బీమాలోకి వస్తుందో రాదో, అడ్వాన్సు కట్టకముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి.